యూరిన్ బ్యాగు వైపు ఎవరు చూస్తున్నారు?

ఆపరేషన్ అయిన చిన్నపిల్లలకు కిడ్నీలు, ఊపిరితిత్తులు ఉన్నట్టుండి ఆగిపోవు. మనం మాత్రం ఎప్పుడూ అలా ఆగిపోయినట్టే చెప్పుకుంటాం. "రాత్రి బాగానే ఉన్నాడు, తెల్లవారేసరికి కిడ్నీలు పోయాయన్నారు" అంటాడు తాత. "ఉన్నట్టుండి కండిషన్ మారింది" అంటాడు డ్యూటీ డాక్టరు. మర్నాడు జిల్లా పేజీలో బంధువుల ఆందోళన, పగిలిన అద్దాల ఫొటో, సీఐ వచ్చి సర్దిచెప్పడం. ఆ వార్తలోనూ అదే మాట: పరిస్థితి ఒక్కసారిగా విషమించింది.

రాత్రికీ తెల్లవారడానికీ మధ్య ఎనిమిది, పది గంటలుంటాయి. ఆ గంటల్లో పిల్లవాడి ఒళ్ళు తన కష్టాన్ని చెబుతూనే ఉంటుంది. గుండె వేగం పెరుగుతుంది, కాళ్ళు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. పిల్లవాడు చిరాకుపడతాడు, తర్వాత మగతలోకి జారుకుంటాడు. రక్తపోటు పడిపోవడం దాదాపు ఆఖరున జరిగేది. వీటన్నిటినీ మొదటి నుంచీ చూసే మనిషి మంచం పక్కన కూర్చున్న తల్లి. మన ఆసుపత్రుల్లో ఆమెను అటెండెంట్ అంటారు. ఆమె చూసింది కేస్ షీటులోకి ఎక్కే దారి లేదు. కొత్త యంత్రాల కంటే ముందు సరిచేయాల్సింది దీన్నే అని నా వాదన.

నేను డాక్టరును కాను. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై కర్నూలులో ఉంటున్నాను. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ బొమ్మను ఎన్నిసార్లు బోర్డు మీద గీశానో లెక్కలేదు. అది ఆగిపోతే ఇంట్లోవాళ్ళు ఎలా ఉంటారో మాత్రం మా మేనకోడలి కొడుకు విషయంలోనే చూశాను. నాలుగేళ్ళవాడు. వాళ్ళది ఆదోని అవతల పల్లె. మిరప కోతల కాలంలో ఆ పల్లెల నుంచి సగం జనం గుంటూరు వైపు వలస పోతారు, పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. వాడికి కడుపునొప్పి మొదలైనప్పుడు తల్లిదండ్రులు ఊళ్ళో లేరు. అవ్వ వాము నీళ్ళు పట్టించింది, ఆర్‌ఎంపీ సూది వేశాడు, నొప్పి తగ్గినట్టే తగ్గింది. అపెండిక్స్ పగిలినప్పుడు నొప్పి కాసేపు తగ్గడం మామూలేనని తర్వాత తెలిసింది. తల్లి పరుగున వచ్చి కర్నూలుకు తీసుకొచ్చేసరికి పొట్ట ఉబ్బి గట్టిపడింది. ఐదేళ్ళలోపు పిల్లల్లో అపెండిక్స్ వాపును పగలకముందే పట్టుకోవడం ఎక్కడైనా కష్టమే. ఎక్కడ నొప్పో వాళ్ళు చెప్పలేరు, చూసినవాళ్ళు అజీర్ణం అనుకుంటారు.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. దాని పేరు ఇక్కడ అనవసరం, ఇలాంటివి మన ఊళ్ళో వీధికొకటి. సర్జన్ బయటికి వచ్చి తీసిన ముక్కను ట్రేలో చూపించి, చీమునంతా కడిగేశామని చెప్పాడు. ఆపరేషన్ బాగానే చేశాడని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. అసలు కథ ఆ తర్వాతిది. రాత్రి పదింటికి తల్లి "కాళ్ళు చల్లగా ఉన్నాయి" అంది. ఏసీ తగ్గించి ఇంకో దుప్పటి ఇచ్చారు. "ఒంటికి పోలేదు" అంది. పైపు వేశాం కదమ్మా, దానంతట అదే బ్యాగులోకి వస్తుందన్నారు. అర్ధరాత్రి దాటాక బ్యాగు అడుగున ముదురు రంగులో కొంచెం ఉంది, ఎంతో ఎవరూ రాయలేదు. "గుండె చాలా వేగంగా కొట్టుకుంటోంది" అంటే, జ్వరం వల్ల అలాగే ఉంటుందన్నారు. "బీపీ బాగుంది" అని కూడా అన్నారు. అది నిజమే, బాగానే ఉంది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పకుండా ఉండలేను. పసిబిడ్డలో కిలో బరువుకు దాదాపు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. పది కిలోల బిడ్డలో మొత్తం 800. అందులో 160 పోతే ఐదో వంతు పోయినట్టు. పెద్దవాడి ఒంట్లో ఐదో వంతు పోవాలంటే దాదాపు లీటరు కారాలి, అది ఎవరి కంటా పడకుండా ఉండదు. పిల్లవాడిది నాలుగైదు గుడ్డల్లో ఇంకిపోతుంది. పొట్టలో చీము పట్టినప్పుడైతే ఒక్క చుక్క రక్తం కూడా కారనక్కర్లేదు. వాచిన పేగుల్లోకి, పొట్ట లోపలి ఖాళీలోకి నీరు ఊరిపోతుంది. తూకం చూస్తే బరువు తగ్గదు, రక్తనాళాల్లో మాత్రం నీరుండదు.

అప్పుడు పిల్లవాడి ఒళ్ళు గుండెకూ మెదడుకూ రక్తం తగ్గకుండా చూసుకుంటుంది. గుండె వేగం పెంచుతుంది, చర్మానికీ పేగులకూ కిడ్నీలకూ పోయే నాళాలను బిగిస్తుంది. ఈ పనిలో పెద్దల కంటే పిల్లలే గట్టివాళ్ళు, అందుకే బీపీ చాలాసేపు నిలబడుతుంది. ఒకటి నుంచి పదేళ్ళ పిల్లలకు పై బీపీ ఎంతకు దిగితే ప్రమాదమో చెప్పే లెక్క ఒకటి వైద్య విద్యార్థులందరికీ నేర్పుతారు: వయసును రెండుతో గుణించి 70 కలపాలి. నాలుగేళ్ళవాడికి 78. ఆ గీత దాటి కిందికి దిగిందంటే లోపలి సర్దుబాటంతా అయిపోయినట్టు. కాబట్టి గుండె వేగం ఎక్కువగా, కాళ్ళు చల్లగా, బీపీ మామూలుగా ఉందంటే ఊరట పడాల్సింది ఏమీ లేదు. తెల్లవార్లూ పిల్లవాడు ఆ బీపీని దేనితో నిలబెడుతున్నాడో అడగాలి. చాలావరకు కిడ్నీలకు పోయే రక్తాన్ని తగ్గించుకునే నిలబెడుతున్నాడు.

కిడ్నీ కూడా వెంటనే చెడిపోదు. రక్తం తగ్గిన మొదటి గంటల్లో అది నీళ్ళను పొదుపు చేస్తుంది, మూత్రం చిక్కబడి తగ్గుతుంది. అది ఆరోగ్యమైన కిడ్నీ చేసే పనే. ఆ దశలో కారణాన్ని సరిచేస్తే తేరుకుంటుంది. కారణం అలాగే ఉంటే నాళికల గోడల కణాలు ప్రాణవాయువు అందక చస్తాయి. అవి మళ్ళీ పుట్టడానికి రోజులు, వారాలు పడుతుంది. దీనికి తోడు ఒంట్లో చేరిన ఇన్ఫెక్షన్, దానికోసం ఇచ్చే అమికాసిన్ వంటి మందులు, నొప్పికి వాడే డైక్లోఫినాక్. నీరు తగ్గిన పిల్లవాడిలో ఈ రెండు రకాల మందులూ కిడ్నీకి భారమే. ఇక కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చేసే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఆలస్యంగా చెప్పే సాక్షి. దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకు గానీ అది సరిగా పెరగదు. "నిన్న సాయంత్రం క్రియాటినిన్ నార్మలే" అనే మాట నిన్న సాయంత్రం వరకే పనికొస్తుంది.

మూత్రం ఆ గంటకు ఆ గంటే చెబుతుంది. కిడ్నీ జబ్బుల మీద పనిచేసే కేడిగో అనే అంతర్జాతీయ సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కంటే తక్కువ మూత్రం ఆరు గంటల పాటు సాగితే కిడ్నీకి దెబ్బ మొదలైనట్టు. పదిహేను కిలోల పిల్లవాడికి ఆరు గంటల్లో 45 మిల్లీలీటర్లు. దీన్ని లెక్కకట్టడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు, ఐదో తరగతి గుణకారం చాలు. ఆపరేషన్ ఒత్తిడికి పుట్టే హార్మోన్ వల్ల కూడా మొదటి రోజు మూత్రం కొంత తగ్గుతుంది, అది నిజం. అందుకే తక్కువ మూత్రాన్ని తీర్పుగా తీసుకోమని అనను. ఒక డాక్టరు లేచి వచ్చి పిల్లవాడిని చూడటానికి మాత్రం అది చాలిన కారణం.

విచిత్రమేమిటంటే పెద్ద ఆపరేషన్ల దగ్గర ఈ కాపలా ఉంది. పిల్లల గుండె ఆపరేషన్ తీసుకోండి. గుండెను ఆపి, రక్తాన్ని యంత్రం గుండా తిప్పే ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి పద్దెనిమిది గంటల మధ్య గుండె బలం తగ్గుతుందని ఆ పని చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. కిడ్నీలకు దెబ్బ తగలడం ఆ పిల్లల్లో ఎంత మామూలంటే, కొన్ని చోట్ల పొట్టలోకి గొట్టం ముందే పెట్టి ఉంచుతారు, అవసరమైతే ద్రవం నింపి తీయడం ద్వారా డయాలసిస్ చేయడానికి. మన పక్కనే పుట్టపర్తిలో 1991 నుంచీ గుండె ఆపరేషన్లు ఉచితంగా జరుగుతున్నాయి. కడప వాళ్ళకు దగ్గరగా తిరుపతిలో 2021లో పిల్లల గుండె ఆసుపత్రి వచ్చింది. గుండె ఆపరేషన్ అయిన బిడ్డను ఐసీయూలో పెట్టి గంట గంటకూ మూత్రం కొలుస్తారు. ప్రమాదం పెద్దదని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి.

అపెండిక్స్, పేగులో పేగు దూరడం, టైఫాయిడ్‌తో పేగుకు రంధ్రం పడటం, ఇవి "మామూలు" ఆపరేషన్లు. ఆ మాటతోనే కాపలా సడలిపోతుంది. పిల్లవాడిని మామూలు గదిలో పడుకోబెడతారు, సర్జన్ ఇంకో ఆసుపత్రిలో ఇంకో కేసుకు వెళ్ళిపోతాడు, మత్తు డాక్టరు అంతకుముందే వెళ్ళిపోయి ఉంటాడు. రాత్రంతా మిగిలేది డ్యూటీ డాక్టరు, ఒకరిద్దరు నర్సులు. ఆ డ్యూటీ డాక్టరుకు పిల్లలతో అనుభవం ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఆపరేషన్ల తర్వాతి చిక్కుల గురించి నా ఆలోచనను మార్చిన అధ్యయనం ఒకటుంది. 2009లో అమెరికాలో 84,730 మంది రోగుల వివరాలు పరిశీలించారు. అంతా పెద్దవాళ్ళే, పిల్లలు కాదు. మరణాలు బాగా తక్కువగా ఉన్న ఆసుపత్రులను, బాగా ఎక్కువగా ఉన్నవాటిని పోల్చారు. పెద్ద చిక్కులు వచ్చిన రోగులు మంచి చోట్ల 16.2 శాతం, చెడ్డ చోట్ల 18.2 శాతం. తేడా పెద్దదేమీ కాదు. ఆ చిక్కులు వచ్చినవాళ్ళలో చనిపోయినవాళ్ళు మాత్రం మంచి చోట్ల 12.5 శాతం, చెడ్డ చోట్ల 21.4 శాతం. అంటే కత్తి పట్టిన చేయి ఎక్కడైనా దాదాపు ఒక్కటే. చిక్కు వచ్చిందని ఎప్పుడు పసిగట్టారు, పసిగట్టాక ఏం చేశారు అన్నదగ్గరే ఆసుపత్రులు వేరుపడుతున్నాయి. మన జనం "ఆ డాక్టరు చేయి మంచిది" అని చూసుకుని ఆసుపత్రికి వెళ్తారు. రాత్రి రెండింటికి అక్కడ ఎవరుంటారని అడిగేవాళ్ళను నేను చూడలేదు.

మరి తల్లి మాట? ఈ విషయంలో వేరే దేశాలు చాలా పెద్ద ధర చెల్లించి నేర్చుకున్నాయి. అమెరికాలో 2001లో జోసీ కింగ్ అనే పద్దెనిమిది నెలల పాప పేరుపొందిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో చనిపోయింది. కాలిన గాయాల నుంచి కోలుకుంటున్న పాప. దాహంతో తడిగుడ్డ చీకుతోందని తల్లి చెబుతూనే ఉంది. ఆ తర్వాత పిట్స్‌బర్గ్‌లో ఒక ఆసుపత్రి 2005లో కుటుంబమే నేరుగా అత్యవసర బృందాన్ని పిలిచే ఏర్పాటు చేసింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2007లో చనిపోయిన ర్యాన్ సాండర్స్ అనే పిల్లవాడి పేరు మీద, ఇలా కుటుంబమే పిలవడానికి ర్యాన్ నియమం ఉంది. ఇంగ్లండ్‌లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ళ అమ్మాయి 2021లో సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడంతో, చనిపోయింది. సైకిల్ మీద నుంచి పడి క్లోమానికి దెబ్బ తగిలిన పిల్ల. ఐసీయూకు మార్చాల్సిన సమయంలో మార్చలేదు, తల్లిదండ్రుల భయాన్ని పట్టించుకోలేదు. 2024 నుంచి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మార్తా నియమం అమలు మొదలైంది. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని కుటుంబానికి అనిపిస్తే, వార్డుతో సంబంధం లేని ఇంకో బృందం వచ్చి చూడాలి. మూడు దేశాలు, మూడింటా డబ్బుకూ యంత్రాలకూ లోటు లేదు. అయినా బిడ్డలు పోయారు.

కడపలో సర్జన్‌గా పనిచేస్తున్న నా పాత విద్యార్థితో ఇదంతా వాదించాను. "సార్, రాత్రి ముప్పై మంచాలకు ఇద్దరు నర్సులు. ప్రతి తల్లీ పిలిస్తే ఎవరు వెళ్తారు? పిల్లవాడు ఏడిస్తే చాలు పిలుస్తారు" అన్నాడు. న్యాయమైన మాటే. కానీ పిలిచే హక్కు మన దగ్గర ఇప్పటికే ఉంది, రాసిపెట్టలేదు అంతే. ఎమ్మెల్యే పీఏ చేత ఫోను చేయించగలిగినవాడికి ఉంది. విలేకరి బంధువుకు ఉంది. మా వాడి విషయంలోనూ అదే జరిగింది. తల్లి రాత్రంతా చెప్పినా రాని పెద్ద డాక్టరు, తెల్లవారుజామున నేను ఈ విద్యార్థికి ఫోను చేసి, ఇతను ఆ ఆసుపత్రి యజమానికి ఫోను చేశాక పది నిమిషాల్లో వచ్చాడు. చూశాడు, ముఖం మారింది, హైదరాబాద్‌కు రాసిచ్చాడు. పక్క గదిలో ఇంకో బిడ్డ ఉండి ఉంటే, ఆ బిడ్డ తల్లికి డిగ్రీ కాలేజీ లెక్చరర్ మామ లేకపోతే? ఈ ప్రశ్నకు నా విద్యార్థి జవాబు చెప్పలేదు.

ఇంకో అభ్యంతరం భయం గురించి. తల్లి చేతికి కాగితం ఇస్తే రేపు అదే కోర్టులో సాక్ష్యమవుతుందని ఆసుపత్రులు అనుకుంటాయి. మన రాష్ట్రంలో వైద్యుల మీద దాడులకు వ్యతిరేకంగా 2008లోనే చట్టం వచ్చింది. దాడులు ఆగలేదు. రాత్రంతా ఏం జరిగిందో చెప్పే కాగితం లేని చోట పుకారు పుడుతుంది, పుకారు పుట్టిన చోట రాయి లేస్తుంది. "పది గంటలకు పిలిచారు, పదీ ఇరవైకి డాక్టరు వచ్చాడు, ఇది చేశాడు" అని రాసి ఉన్న కాగితం, బిడ్డ దక్కకపోయినా, డాక్టరును కాపాడుతుంది. వచ్చిన డాక్టరును.

నా వాదనలో నాకే ఇబ్బందిగా ఉన్న చోటు ఒకటుంది. నాడి, శ్వాస, రంగు వంటి వాటికి మార్కులు వేసి పిల్లల పరిస్థితిని కొలిచే పద్ధతిని ఏడు దేశాల్లోని 21 ఆసుపత్రుల్లో పరీక్షించి 2018లో ఫలితాలు వేశారు. మొత్తం మరణాలు తగ్గలేదు. ఉత్త చార్టు బిడ్డను బతికించదని నేను దాన్ని అర్థం చేసుకుంటున్నాను. చార్టు చూసి మనిషి రావాలి, వచ్చినవాడికి ఏం చేయాలో తెలియాలి. అలాగే పిలుపు అంటే "ఇంకో సెలైన్ పెట్టండి" అని ఒత్తిడి చేయడం కాదు. మన వాళ్ళకు సెలైన్ మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో, జ్వరంతో రక్తప్రసరణ తగ్గిన పిల్లలకు గబగబా సెలైన్ ఎక్కించిన చోట 48 గంటల్లో మరణాలు పదిన్నర శాతం దాటాయి. అలా ఎక్కించని చోట 7.3 శాతం. వాళ్ళు ఆపరేషన్ అయిన పిల్లలు కారు, అక్కడ ఐసీయూలు లేవు. మన తాలూకా ఆసుపత్రుల్లోనూ లేవు. ఎంత ఎక్కించాలో, ఎప్పుడు ఆపాలో చేయి వేసి చూసే డాక్టరు చెప్పాలి తప్ప, భయపడిన తండ్రి కాదు, ఫోనులో సర్జన్ కూడా కాదు. మూత్రం ఆగిన పిల్లవాడికి అదే జోరులో ద్రవం పోస్తూ పోతే అది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మా వాడికి దారిలోనే ఆయాసం మొదలైంది. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. వెంటిలేటర్, డయాలసిస్, రెండూ అక్కడే అయ్యాయి. రెండు అవయవాలు కలిసి పడితే దాని పేరు మల్టీ ఆర్గాన్ ఫెయిల్యూర్. ఆ పేరు విన్నాక మా అక్క అన్నం ముట్టలేదు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. పిల్లవాడి మంచానికి తెలుగులో ఒక చార్టు కట్టాలి: సమయం, బ్యాగులో ఎన్ని మిల్లీలీటర్లు, పాదాలు వెచ్చగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా, పిల్లవాడు తల్లిని గుర్తుపడుతున్నాడా. చదువు రాని తల్లి అయితే బ్యాగు మీది గీత పక్కన పెన్నుతో గీసినా చాలు. బిడ్డ బరువును బట్టి ఆరు గంటలకు ఎంత రావాలో ఆపరేషన్ రోజే పైన పెద్ద అంకెల్లో రాయాలి. ఆ వార్డు డ్యూటీలో లేని ఇంకో డాక్టరు ఫోను నంబరు కింద ఉండాలి. ఆయన వచ్చిన సమయం కేస్ షీటులో పడాలి. ఇది ఎవరు చేయిస్తారంటే, డబ్బు కట్టేవాడు చేయించగలడు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఆపరేషన్ జరిగినట్టు ఫొటోలు పెట్టించుకుని ప్యాకేజీ చెల్లించడం ఆ పథకానికి వచ్చిన విద్య. పేరు ఏదైనా, పిల్లల కడుపు ఆపరేషన్లకు మొదటి రాత్రి మూత్రం చార్టు ఉంటేనే బిల్లు అని ఒక్క వాక్యం చేరిస్తే ఆరు నెలల్లో ప్రతి నర్సింగ్ హోములో చార్టు వేలాడుతుంది. కొన్ని చోట్ల తెల్లవారాక కూర్చుని దొంగ అంకెలు నింపుతారని నాకు తెలుసు. అందుకే తల్లి చేతి రాత కావాలంటున్నాను.

ఇలాంటి గండం నుంచి బయటపడిన పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళకు, డిశ్చార్జి కాగితంలో తరచుగా కనిపించని విషయం ఒకటి. క్రియాటినిన్ మామూలుకు వచ్చింది కదా అని వదిలేయకూడదు. కిడ్నీ దెబ్బతిన్న పిల్లవాడిని మూడు నెలలకు మళ్ళీ చూపించాలి. రక్తపోటు, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్, ఈ మూడూ చూడాలి. తర్వాత కూడా ఏడాదికొకసారి బీపీ, మూత్ర పరీక్ష చేయిస్తే మంచిది, ఎందుకంటే కొందరిలో ఆ దెబ్బ ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. మన జిల్లాల్లో చాలా చోట్ల పిల్లల బీపీ కొలిచే చిన్న పట్టీ ఉండదు, పెద్దవాళ్ళ పట్టీ చుడితే అంకె తప్పుగా తక్కువ వస్తుంది, కాబట్టి పట్టీ సైజు అడగాలి. ఒళ్ళు నొప్పులకూ జ్వరానికీ మందుల షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వంటివి అడిగి తెచ్చి వేయకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టరుకు చూపించి, ఫలానా ఏడాది కిడ్నీలు దెబ్బతిన్నాయని ముందే చెప్పాలి. మా మేనకోడలు ఆ మాటను వాడి ఆధార్ జిరాక్సు వెనక రాసి పెట్టుకుంది, మళ్ళీ కోతలకు పోయినప్పుడు అవ్వ ఇంకెవరికైనా చూపించాల్సి వస్తే పనికొస్తుందని.